పట్టా పుట్టిన కథ

జానెడు గట్టు జరిగిందని అన్నదమ్ములు కోర్టుకెక్కుతున్న రోజులివి. 1800లో అనంతపురం, కడప, బళ్లారి ప్రాంతాల్లో పరిస్థితి ఇందుకు పూర్తిగా తలకిందులు. శిస్తు కట్టే పొలానికి అమ్మకపు ధరంటూ ఒకటి లేదు. రైతు ఎక్కడ నేల ఆక్రమిస్తాడోనన్న దిగులు సర్కారుకు లేదు. నాగలి భుజాన వేసుకుని, గొడ్లు తోలుకుని పక్క సీమకు ఎక్కడ లేచిపోతాడోనన్నదే దాని దిగులు. నేలకు కొదవ లేదు, దున్నేవాడికే కరువు.

అలాంటి నేల ఆస్తిగా ఎప్పుడు మారింది? రైతు భద్రంగా ట్రంకుపెట్టెలో దాచుకునే పట్టా అనే కాగితం ఎలా పుట్టింది? ఈ కథ చెప్పేటప్పుడు అందరూ చట్టాల గురించి చెబుతారు. అసలు కథ నడిపింది మాత్రం శిస్తు.

నేల ఎవరిది?

ఈ ప్రశ్నకు మన దగ్గర పాత జవాబులు రెండున్నాయి. అడవి కొట్టి సాగులోకి తెచ్చినవాడిదే పొలమని మనుస్మృతి అంటుంది. చాలా శతాబ్దాల తర్వాత ఇంగ్లండులో జాన్ లాక్ 1690 నాటి తన గ్రంథంలో దాదాపు అదే వాదన చేశాడు. దేవుడిచ్చిన నేల అందరిదీ, కానీ అందులో తన కష్టం కలిపినవాడికి అది సొంతమవుతుందన్నాడు. ఇది మొదటి జవాబు. కాపాడేవాడు రాజు కాబట్టి పంటలో రాజుకు వాటా ఉందన్నది రెండోది. ఆ వాటా నేలను బట్టి ఆరో వంతో, ఎనిమిదో వంతో, పన్నెండో వంతో ఉండాలని అదే మనుస్మృతి లెక్క కూడా చెప్పింది.

రాజు వాటా ఆరో వంతు దగ్గర ఆగినంత కాలం ఈ రెండు జవాబులకూ పేచీ లేదు. వాటా సగానికి పాకినప్పుడే చిక్కు. అప్పుడు పొలం నీదేనని ఎంతమంది సాక్ష్యం చెప్పినా, ఆ పొలంలో నీకు మిగిలేదేమిటన్న ప్రశ్న వస్తుంది. ఈస్టిండియా కంపెనీ మన దేశంలో దివానీ, అంటే శిస్తు వసూలు హక్కు, చేతబట్టి వసూళ్లకు దిగినప్పుడు ఆ ప్రశ్నే ఎదురైంది.

కలకత్తాలో కార్న్‌వాలిస్ ప్రభువు దానికి ఒక జవాబు చెప్పాడు. 1793లో వచ్చిన శాశ్వత శిస్తు ఒప్పందంతో బెంగాల్ జమీందారు భూమికి యజమాని అయ్యాడు. వసూలు చేసిన దానిలో పదకొండు వంతులకు పది కంపెనీకి కట్టాలి, ఒకటి జమీందారు ఉంచుకోవాలి. ఆ మొత్తం ఎప్పటికీ పెరగదు. అయితే గడువు రోజు పొద్దు గుంకేలోపు డబ్బు కట్టకపోతే జమీ వేలానికి పోతుంది. ఇంగ్లండులో పెద్ద భూస్వాములు పొలాన్ని బాగుచేసినట్టే వీళ్లూ చేస్తారని కార్న్‌వాలిస్ ఆశపడ్డాడు. దున్నే రైతు హక్కు మాత్రం గాలిలో దీపమైంది.

మద్రాసు ప్రభుత్వం కూడా ఇదే బాటలో నడవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. 1802 నాటి 25వ రెగ్యులేషన్‌తో ఉత్తర సర్కారుల్లో, అంటే నేటి కోస్తా జిల్లాల్లో, శాశ్వత జమీందారీలు స్థిరపడ్డాయి. జమీందార్లు లేనిచోట ఊళ్లను ముఠాలుగా కట్టి వేలం వేశారు. పెద్ద జమీందార్లు నిలదొక్కుకున్నారు కానీ ముఠాదార్లలో చాలామంది శిస్తు కట్టలేక కొద్ది ఏళ్లకే చేతులెత్తేశారు.

బారామహల్ పాఠశాల

రెండో దారి దక్షిణాన తెరుచుకుంది. 1792లో మైసూరు ఏలిక టిప్పు సుల్తాన్ ఓడి సగం రాజ్యం వదులుకున్నప్పుడు నేటి సేలం, ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతమైన బారామహల్ కంపెనీ చేతికొచ్చింది. మద్రాసులో ఉద్యోగం చేసే సివిలు దొరలకు దేశభాషలు రావని, జనంతో మాట్లాడగలిగిన సైనికుడు కావాలని కార్న్‌వాలిస్ కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌ను అక్కడికి పంపాడు. రీడ్ వెంట వెళ్లిన సహాయకుల్లో ఒకడు థామస్ మన్రో.

మన్రోది గ్లాస్గో. 1761లో పుట్టాడు. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారం చేసి, అక్కడి స్వాతంత్ర్య యుద్ధంలో దివాలా తీశాడు. కొడుకు 1780లో పొట్ట చేతబట్టుకుని కంపెనీ సైన్యంలో కేడెట్‌గా మద్రాసులో దిగాడు. టిప్పు తండ్రి హైదర్‌తో, తర్వాత టిప్పుతో యుద్ధాలు చేశాడు. బారామహల్లో ఏడేళ్లు ఊరూరా డేరాలు వేసుకుని తిరిగాడు.

రీడ్ మొదట పొలాలను దీర్ఘకాలపు కౌలుకు ఇద్దామనుకున్నాడు. కానీ వానను నమ్ముకున్న మెట్ట రైతు ఏళ్ల తరబడి ఒకే మొత్తం కడతానని మాట ఇవ్వలేడు. చివరికి పొలం పొలం కొలిచి, ఒక్కో పొలానికి శిస్తు కట్టి, ఏ రైతు ఏ పొలం సాగు చేస్తాడో ఏటా అతనితోనే నేరుగా తేల్చుకునే పద్ధతి కుదిరింది. ఇష్టమైన పొలం ఉంచుకోవచ్చు, వద్దనుకున్నది వదిలేయవచ్చు. మధ్యలో జమీందారు లేడు, ఊరిపెద్ద గుత్త లేదు. రైత్వారీ అనే పద్ధతికి విత్తనం పడింది ఇక్కడే.

మధ్యవాడిని తీసేయడంలో ధర్మగుణం కన్నా సర్కారు అవసరమే ఎక్కువ ఉంది. ఊరిపెద్ద మింగేది తప్పితే ఖజానాకు ఎక్కువ వస్తుందని కంపెనీకి అర్థమైంది. ఆ లెక్క మన్రోకూ తెలుసు. అయితే అతనికి అక్కడ మరో ఆలోచన కూడా మొదలైంది. అది పక్వానికొచ్చింది కన్నడ తీరంలో.

1799లో టిప్పు చనిపోయాక కెనరా కలెక్టరుగా మన్రో వెళ్లాడు. అక్కడ అతనికి కొత్త లోకం కనిపించింది. రైతుల ఇళ్లలో తాతల నాటి క్రయపత్రాలున్నాయి. పొలాలు అమ్మారు, తాకట్టు పెట్టారు, పంచుకున్నారు, అన్నిటికీ రాతకోతలున్నాయి. ఘాట్లకు ఇవతల లేని భూమి ఆస్తి అవతల ఎలా వచ్చింది? మన్రో పాత లెక్కలు తవ్వించాడు. విజయనగర కాలంలో అక్కడ కట్టిన శిస్తు తేలిక. శిస్తు పోగా రైతు చేతిలో ఏటా ఎంతో కొంత మిగిలేది, ఆ మిగులుకే ధర పలికేది. బిదనూరు నాయకులు, హైదర్, టిప్పు శిస్తు పెంచుకుంటూ పోయినకొద్దీ పొలాల ధర పడిపోతూ వచ్చింది. కొన్ని చోట్ల పత్రం మిగిలి, దాని విలువ సున్నా అయింది.

మన్రోకు దొరికిన తాళంచెవి ఇదే. యజమాని అని ఎవరిని పిలిచినా, యాజమాన్యం విలువ శిస్తు తర్వాత మిగిలిన దానిలోనే ఉంటుంది.

గొలుసు పట్టిన సీమ

1800 అక్టోబరులో నిజాము తన దగ్గర ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద మైసూరు యుద్ధాల్లో దక్కిన సీమను కంపెనీకి రాసిచ్చాడు. అవే దత్తమండలాలు. ఇంగ్లీషు వాళ్ల సీడెడ్. సినిమా పంపిణీదార్లు నేటికీ ఆ పేరే వాడతారు. కర్నూలు నవాబు ఏలుబడి మినహా నేటి రాయలసీమలో చాలా భాగం, బళ్లారి అందులో ఉన్నాయి. మన్రో ముఖ్య కలెక్టరు, కింద నలుగురు సబ్ కలెక్టర్లు, కచేరీ అనంతపురం.

అక్కడ కత్తి దూసి వసూలు చేసే పాలెగాళ్లు ఎనభై మంది దాకా ఉన్నారు. మన్రో సైన్యంతో కొందరిని అణచి, కొందరికి పింఛను కట్టి దారికి తెచ్చాడు. ఆ పని కొంత కుదుటపడగానే 1802లో భూమి కొలత మొదలుపెట్టాడు.

అప్పటికి ఊళ్లలో పొలం విస్తీర్ణం ఎన్ని తూముల విత్తనం పడుతుందన్న లెక్కలో చెప్పుకునేవారు. కరణం కవిలెలో ఉన్నదే కొలత. మన్రో గొలుసు తెప్పించాడు. దాని పొడవు 33 అడుగులు. అటొక గొలుసు, ఇటొక గొలుసు పరిస్తే 1,089 చదరపు అడుగుల చదరం అవుతుంది. అలాంటి చదరాలు నలభై కలిస్తే 43,560 చదరపు అడుగులు, అంటే ఒక ఎకరం. ఈ చదరం తెలుగు రైతుకు ఇప్పటికీ తెలుసు. తెలంగాణ పల్లెల్లో లెక్కపెట్టే గుంట అచ్చంగా ఇంతే, ఎకరానికి నలభై గుంటలు.

మొదట్లో గొలుసు పట్టడం తెలిసిన గుమాస్తాలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. సీమవాళ్లకే పని నేర్పి దండు తయారు చేశారు. కొండలు, గుట్టలు తప్ప మిగిలిన నేలంతా కొలిచారు. కొలిచినవాడి లెక్కను మరొకడు పోయి సరిచూసేవాడు. తర్వాత తరగతులు కట్టేవాళ్లు వచ్చారు. రెడ్డి, కరణం, రైతులు వెంట నడుస్తుండగా ఇది రెగడి, ఇది ఎర్రచెక్క, ఇది మెట్ట, ఇది మగాణి, ఇది బావికింది తోట అని పొలాలను తరగతుల్లో వేశారు. తన పొలాన్ని కింది తరగతిలో వేయించుకోవాలని ప్రతి రైతుకూ ఉంటుంది. అయితే ఒకడికి తగ్గితే ఆ బరువు పక్కవాడి మీద పడుతుంది. అందుకే ఊరి వాళ్లే ఒకరి మీద ఒకరు కాపలా కాశారు.

మొత్తం సీమ ఎంత కట్టాలన్న బేరీజు పాత లెక్కలను చూసి పైన తేల్చేవారు. దాన్ని తాలూకాలకు, ఊళ్లకు, చివరికి పొలాలకు పంచేవారు. ఏటా జమాబందీ జరిగేది. రైతు ఏ పొలాలు ఉంచుకుంటున్నాడో, ఏవి వదిలేస్తున్నాడో, ఎంత శిస్తు కట్టాలో రాసి చేతికి కాగితం ఇచ్చేవారు. అదే పట్టా. ఒకడు కట్టలేక చేతులెత్తేస్తే అతని బాకీలో కొంత ఊరి తోటి రైతుల మీద పడేది.

అప్పటి పట్టాలో యాజమాన్యం ప్రస్తావన దాదాపు లేదు. అది ఆ ఏటి శిస్తు చీటీ. 1800-01లో దత్తమండలాల శిస్తు పది లక్షల వరహాల పైచిలుకు. మన్రో వెళ్లిపోయే నాటికి, 1806-07లో, పదిహేను లక్షలు దాటింది. మధ్యలో 1803-04 నాటి కరువు కూడా ఉంది. ఏడేళ్లలో వసూలు సగం పెరిగిందని కంపెనీ దొరలు సంతోషించారు. ఏటేటా శిస్తు చీటీ పుచ్చుకునే రైతు మాత్రం యజమాని కాలేదు.

నూరు రూపాయల పంట

1807 ఆగస్టు 15న మన్రో మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక ఉత్తరం రాశాడు. పట్టాను శిస్తు చీటీ నుంచి ఆస్తి పత్రంగా మార్చే ఆలోచన అందులో ఉంది. ఆ ఉత్తరంలోని లెక్కను ఒక పొలం మీద వేసి చూద్దాం.

పొలంలో నూరు రూపాయల పంట పండిందనుకోండి. మన్రో అంచనాలో తన సర్వే కట్టిన శిస్తు పంటలో నూటికి 45. మిగిలిన 55 రూపాయల్లో విత్తనాలు, ఎద్దుల మేత, పాలేర్ల కూలి, రైతు కుటుంబం తిండి అన్నీ పోవాలి. అవన్నీ పోయాక చేతిలో ఏమీ నిలవదు. ఆ పొలాన్ని ఎవరు కొంటారు? కొన్నవాడికి దక్కేది ఎండలో చాకిరీ ఒక్కటే. అది పక్క ఊరి బంజరులోనూ ఉచితంగా దొరుకుతుంది.

శిస్తులో నాలుగో వంతు తగ్గించమన్నాడు మన్రో. 45లో నాలుగో వంతు 11 రూపాయల పావలా. అది పోతే శిస్తు 33 రూపాయల 12 అణాలు, అంటే పంటలో సుమారు మూడో వంతు. ఏటా మిగిలే ఆ పదకొండు చిల్లరే పొలం ధరకు పునాది. ఏటా పదకొండు రూపాయలిచ్చే పొలానికి కొనేవాడు నూరు, నూట ఇరవై పెట్టడానికి వెనకాడడు. ఆ పొలాన్ని కౌలుకివ్వచ్చు, కూతురికి పసుపు కుంకాల కింద రాయచ్చు, తాకట్టు పెట్టచ్చు. శిస్తు 45 ఉన్నప్పుడు వీటిలో ఒక్కటీ కుదరదు.

బావి నీళ్లతోనో, వాగు నీళ్లు తోడుకునో సాగే తోటలకు ఇంకో ఎనిమిది శాతం తగ్గించమన్నాడు. బావి తవ్వింది రైతు, మోట తోలేది రైతు. ఆ కష్టం మీద శిస్తు వేస్తే ఇంకెవరూ బావి తవ్వరు. లాక్ పుస్తకంలో రాసిన చెమట హక్కు మన్రో చేతిలో శిస్తు రేటుగా మారింది.

ఈ తగ్గింపుతో పాటు అతను కోరినవి సూటిగా ఉన్నాయి. శిస్తు కడుతున్నంత కాలం రైతే పొలానికి పూర్తి యజమాని. అమ్ముకోవచ్చు, ఎంత కౌలుకైనా ఇచ్చుకోవచ్చు. ఏడాది చివర కొంత పొలం వదిలేయచ్చు, కొత్తది పట్టచ్చు. కానీ మామూలు పంటనష్టానికి ఇక మాఫీ అడగకూడదు. బంజరు సర్కారుదే.

ఇదంతా గాలి లెక్క కాదనడానికి అతని దగ్గర ఒక సాక్ష్యం ఉంది. దత్తమండలాల్లో కూడా ఒక రకం పొలాలకు ఎప్పటినుంచో ధర పలుకుతోంది. అవి ఇనాం భూములు, అంటే గుడికో, మఠానికో, బ్రాహ్మణుడికో, ఊరి కట్టుబడికో శిస్తు లేకుండానో, నామమాత్రపు శిస్తుతోనో ఇచ్చినవి. అదే ఊరు, అదే నేల, అదే వాన. తేడా శిస్తు ఒక్కటే.

మంత్రాలయం భక్తులు చెప్పుకునే కథ కూడా ఇక్కడే గుర్తుకొస్తుంది. మఠం ఉన్న మంచాల గ్రామం ఇనాం హక్కు తేల్చడానికి మన్రో వెళ్లినప్పుడు రాఘవేంద్ర స్వామి బృందావనం నుంచి వచ్చి అతనితో మాట్లాడారని, ఆ మాటలు మన్రోకు ఒక్కడికే వినిపించాయని నమ్మకం. చరిత్ర సంగతి ఎలా ఉన్నా, జనం నోట మిగిలిన ఆ కథ కూడా ఒక శిస్తు తగువు చుట్టూ అల్లినదే.

పక్కన పెట్టారు, మళ్లీ తీశారు

మన్రో ఆ ఉత్తరం రాసి ఇంగ్లండుకు వెళ్లిపోయాడు. రెవెన్యూ బోర్డు దాన్ని పక్కన పెట్టింది. నూటికి పాతిక వదులుకోవడానికి కంపెనీకి చేతులు రాలేదు. బోర్డులో జాన్ హాడ్జ్‌సన్ లాంటివాళ్లకు వేలమంది రైతుల లెక్క ఏటా రాయడం అనవసరపు తలనొప్పిగా కనిపించింది. ఊరికి ఊరే గుత్తకిస్తే ఒక్కడి దగ్గర వసూలు చేసుకోవచ్చని వాదించారు. అలాగే మొదట మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు ఊళ్లను కౌలుకిచ్చారు. శిస్తు తగ్గలేదు. పంటలు పోయిన ఏడాదిలో గుత్తదార్లు రైతును పిండారు, అయినా సరిపోక దివాలా తీశారు.

ఈలోగా లండన్‌లో మన్రోకు వినేవాళ్లు దొరికారు. 1812లో బ్రిటిషు పార్లమెంటు కమిటీ ఇచ్చిన ఐదో నివేదిక రైత్వారీని మెచ్చుకుంది. 1813లో కంపెనీ చార్టరు పునరుద్ధరణ వేళ మన్రో స్వయంగా సాక్ష్యం చెప్పాడు. 1817 నాటికి రైత్వారీయే పాటించాలని డైరెక్టర్లు మద్రాసుకు రాశారు. 1820లో మన్రో మద్రాసు గవర్నరయ్యాడు. పదమూడేళ్ల కిందట తాను అడిగిన తగ్గింపును తన హయాంలోనే దత్తమండలాలకు ఇప్పించాడు.

అదే కాలంలో లండన్‌లో దీనికి సరిగ్గా ఎదురు సిద్ధాంతం ఒకటి బలం పుంజుకుంటోంది. 1817లో డేవిడ్ రికార్డో భూమి మిగులుకు సూత్రం కట్టాడు. మంచి నేల చెడ్డ నేల కన్నా అదనంగా ఇచ్చేది ఎవరి కష్టమూ కాదు, ప్రకృతి ఇచ్చినది అన్నది దాని సారం. కంపెనీ కచేరీలో పనిచేసిన జేమ్స్ మిల్ ఇంకో అడుగు వేసి ఆ మిగులంతా రాజ్యానిదేనన్నాడు. పన్నుకు దాన్ని మించిన వనరు లేదు, దానివల్ల ఎవరి కష్టమూ దోచినట్టు కాదన్నాడు. సిద్ధాంతంగా అది అందమైనదే. బొంబాయి ప్రెసిడెన్సీలోని పూనా ప్రాంతంలో ప్రింగిల్ అనే అధికారి దాన్ని ఆచరణలో పెట్టాడు. ఖర్చులు పోగా మిగిలే నికరాదాయంలో 55 శాతం శిస్తు కట్టాడు. లెక్కలు తప్పాయి, రేట్లు పెరిగాయి, రైతులు పొలాలు వదిలి పోయారు. ఆ సర్వేను రద్దు చేసి కొత్తది మొదలుపెట్టాల్సి వచ్చింది. మిగులు ఎంతో కచ్చితంగా తేల్చడం కలెక్టరుకు చేతకాదని మన్రోకు ముందే తెలుసు. అందుకే కొంత రైతుకు వదిలేయమన్నాడు.

1827లో పదవి వదిలి వెళ్లబోతూ మన్రో దత్తమండలాలను కడసారి చూడ్డానికి వచ్చాడు. జూలై 6న పత్తికొండలో కలరా సోకి చనిపోయాడు. సీమలో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్న కుటుంబాలున్నాయి. మద్రాసులో జీను, రికాబులు లేని గుర్రమెక్కిన ఆయన విగ్రహం ఇప్పటికీ ఉంది.

కాగితం మీద హక్కు, వీపు మీద శిస్తు

విగ్రహంతో కథ అయిపోతే బాగుండేది. మన్రో తర్వాత ముప్పై ఏళ్లు రైతుకు గడ్డుకాలం. శిస్తు నగదులో కట్టాలి. ధాన్యం ధరలు పడిపోయాయి. పుట్టి అమ్మితే తీరే శిస్తుకు పుట్టిన్నర అమ్మాల్సి వచ్చింది. కాగితం మీద పంటలో మూడో వంతే అయినా రైతు గాదె నుంచి పోయేది ఎక్కువైంది. పొలం వదిలేసే స్వేచ్ఛ ఉందన్నారు కానీ, తాలూకా బేరీజు తగ్గకూడదని తహసీల్దారు రైతు చేత బలవంతంగా పొలం పట్టించిన సందర్భాలు కోకొల్లలు. మగ్గం మీద, అంగడి మీద మోతర్ఫా అని వేరే పన్ను ఉండేది.

వసూలు ఎలా జరిగేదో 1855లో వెలువడిన మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం నివేదిక చెబుతుంది. బాకీ పడిన రైతును మండుటెండలో నిలబెట్టడం, మెడ వంచి కాళ్లకు కట్టి గంటల తరబడి ఉంచడం, చెక్కల మధ్య వేళ్లు నొక్కడం సర్కారు కింది ఉద్యోగులకు మామూలైపోయిందని ప్రభుత్వమే వేసిన సంఘం ఒప్పుకుంది.

దెబ్బ తిన్నాక సర్కారుకు మన్రో లెక్క మళ్లీ గుర్తొచ్చింది. 1850ల చివర్లో మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా కొత్త సర్వే, సెటిల్మెంటు మొదలయ్యాయి. 1864లో శిస్తు నికరాదాయంలో సగానికి మించకూడదని సూత్రం పెట్టారు. ముప్పై ఏళ్లదాకా రేటు కదపకూడదని నియమం వచ్చింది. రైతు సొంత ఖర్చుతో చేసుకున్న బాగుకు అదనపు శిస్తు వేయకూడదన్నది రైత్వారీ నియమంగా నిలబడింది. మోతర్ఫా పోయింది. ఇనాం కమిషన్ ఇనాములను తేల్చి, జోడి అనే కొద్దిపాటి శిస్తు కట్టించుకుని హక్కు పత్రాలిచ్చింది. ఏటేటా మారే శిస్తు చీటీ క్రమంగా తరాలు దాటే ఆస్తి పత్రమైంది.

మరో వైపు గోదావరి మీద ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువ నీళ్లు పారిన పొలం విలువ అమాంతం పెరిగింది. ఇక్కడ పెరుగుదల రైతు తవ్విన బావి వల్ల వచ్చింది కాదు, జనం సొమ్ముతో కట్టిన ఆనకట్ట వల్ల వచ్చింది. కాబట్టి నీటి తీరువా వేయడంలో న్యాయం ఉంది. ఒకే పొలంలో రెండు రకాల విలువలున్నాయని, రెండింటికీ ఒకే పన్ను పనికిరాదని డెల్టా చూపించింది.

హక్కుకు ధర వచ్చాక దాని వెనకే తాకట్టు వచ్చింది. అమ్మకానికి పనికొచ్చే పొలం అప్పుకూ పనికొస్తుంది. కరువు ఏడాదిలో ఊరి సాహుకారు, పెద్ద రైతు చిన్న రైతు పట్టాను తమ పెట్టెలో పెట్టుకున్నారు. మన్రో లెక్కలో ఈ గీత లేదు.

శిస్తుకు, హక్కుకు ముడి ఎంత గట్టిదో జాతీయోద్యమం కూడా చూపించింది. 1921-22లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో శిస్తు కట్టడం మానేశారు. సర్కారు వెంటనే జప్తులకు దిగింది. యజమానివే, శిస్తు కట్టినంత కాలమే అన్న మన్రో షరతును సర్కారు మరిచిపోలేదు.

ఈనాటి లెక్క

ఇప్పుడు త్రాసు రెండో వైపుకు పూర్తిగా వాలింది. మన్రో కాలంలో నూటికి 45 పన్నున్న పొలం ధర సున్నా. నేడు కోట్లు పలికే పొలం మీద ఏటా కట్టే భూమి పన్ను లెక్కలోకి రాదు. శిస్తు కడుతున్నాడు కదా అని వ్యవసాయ ఆదాయాన్ని 1886లో ఆదాయపు పన్ను నుంచి మినహాయించారు. శిస్తు కరిగిపోయింది, మినహాయింపు అలాగే ఉంది. రోడ్డు వేస్తే, రాజధాని ప్రకటిస్తే, నీళ్లొస్తే భూమి ధర పదింతలవుతుంది. జనం సొమ్ముతో పెరిగిన ఆ విలువ అంతా పట్టా చేతిలో ఉన్నవాడికే పోతుంది. సాగు చేసే కౌలు రైతుకు అందులో చిల్లిగవ్వ దక్కదు, పైగా కౌలు పెరుగుతుంది. బీడు పెట్టి ధర కోసం ఎదురుచూసేవాడికి ఏడాదికి అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. పట్టణాల్లో ఇంటి పన్నును అద్దె విలువ నుంచి మూలధన విలువకు మారుస్తూ 2021లో ఆంధ్రప్రదేశ్ చేసిన మార్పు ఈ దిశలో ఒక అడుగు. అక్కడ కూడా కట్టడానికి, స్థలానికి వేరు వేరు న్యాయం ఉండాలన్న చర్చ జరగాల్సినంత జరగలేదు.

రెండు శతాబ్దాల అనుభవం నుంచి తేలే తీర్పు ఇది. భూమి మీద పన్ను మితిమీరితే హక్కు ఉత్త కాగితమవుతుంది. పన్ను పూర్తిగా పోతే హక్కు పాలుమాలినవాడి జూదమవుతుంది. రైతు తవ్విన బావికి, నాటిన చెట్టుకు, కట్టిన ఇంటికి పన్ను తేలికగా ఉండాలి. ఊరు పెరిగినందువల్ల, రోడ్డు పడినందువల్ల కూర్చున్నచోటే పెరిగిన నేల విలువలో జనం వాటా జనానికి రావాలి. హక్కుల రికార్డులు సరిచేస్తామని, రీసర్వే చేస్తామని వచ్చే ప్రతి ప్రభుత్వాన్నీ ఈ రెండో ప్రశ్న కూడా అడగాలి. నేల ఎవరి పేరున రాస్తున్నారో తెలిసింది. దాని మీద ఏ పన్ను, ఎంత, ఎందుకు వేస్తున్నారో, ఎందుకు వేయడం లేదో కూడా చెప్పమనండి.